తల లేని రౌతు కథ చదవడం ఎలా

ముందు ఒక పని చేయండి. ఈ కథ పేరుతో వచ్చిన సినిమాలు, కార్టూన్లు ఏవైనా చూసి ఉంటే వాటిని కాసేపు పక్కన పెట్టేయండి. 1999లో వచ్చిన హాలీవుడ్ సినిమాలో తలకాయలు టపటపా తెగి పడుతుంటాయి, అందులో హీరో న్యూయార్క్ నుంచి దిగిన పోలీసు. అసలు కథలో అతను పోలీసు కాదు, బడిపంతులు. కథ నడుస్తున్నంత సేపూ ఎవరి తలా తెగదు. హాలోవీన్ అన్న మాటే ఎక్కడా రాదు. గుమ్మడికాయ ఒకటి వస్తుంది గానీ దానికి కళ్లూ నోరూ చెక్కి లోపల దీపం పెట్టినట్టు ఒక్క ముక్క కూడా లేదు, అదంతా తర్వాత వాళ్లు చేసిన అలంకారం.

నేను మాట్లాడేది అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ రాసిన ‘ది లెజెండ్ ఆఫ్ స్లీపీ హాలో’ గురించి. 1820లో అచ్చయింది. అమెరికా దెయ్యం కథల్లో అందరికీ తెలిసిన కథ ఇదే, అందరూ చదివిన కథ మాత్రం కాదు. నేనూ డిగ్రీలో ఉన్నప్పుడు దెయ్యం కథ కదా అని రాత్రి లైటు ఆర్పి, దుప్పటి కప్పుకుని, ఫోన్ వెలుగులో మొదలుపెట్టి నాలుగో పేజీలో నిద్రపోయాను. దెయ్యం రాదు. ఎంతసేపటికీ రాదు. లోయ ఎంత ప్రశాంతంగా ఉంటుందో చెబుతాడు, పంతులు ఎంత సన్నగా ఉంటాడో చెబుతాడు, విందులో ఏమేం పెట్టారో చెబుతాడు, రౌతు మనకు నిజంగా కనబడేది కథ దాదాపు అయిపోవచ్చాక. ఆ తర్వాత కొన్నేళ్లకు పగటిపూట, టీ తాగుతూ, ఇది నవ్వించడానికి రాసిన కథ అని తెలిసి చదివితే ఒక్క కూర్చోవడంలో అయిపోయింది. కాబట్టి నా మొదటి సలహా ఇదే, పగలు చదవండి, భయం కోసం చదవకండి.

పుస్తకం కొనక్కర్లేదు. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే పాత పుస్తకాల సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పన్నెండు వేల మాటలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, అంటే తాపీగా చదివినా రెండు గంటలు. ఒక జాగ్రత్త ఏంటంటే పిల్లల కోసం కుదించిన ప్రతులు చాలా తిరుగుతున్నాయి, వాటిలో కథ ఉంటుంది, ఇర్వింగ్ ఉండడు. చివర్లో ‘పోస్ట్‌స్క్రిప్ట్’ అని చిన్న అనుబంధం ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అది కుదించిన ప్రతి అయ్యే అవకాశం ఎక్కువ.

మొదటి వాక్యం చూసి టెన్షన్ పడకండి. హడ్సన్ నది తూర్పు ఒడ్డు దగ్గర మొదలై, డచ్చి నావికులు ఆ చోట తెరచాపలు ఎలా దించేవాళ్లో చెప్పి, టారీటౌన్ అనే ఊరి దగ్గర ఆగేసరికి ఊపిరి అయిపోతుంది. అలాంటి వాక్యాన్ని మన హరికథ దాసుగారు చెబుతున్నట్టు పైకి చదవాలి. కామా దగ్గర ఆగండి, ముందుకు పోండి, తెలియని మాట వస్తే వదిలేయండి. డిక్షనరీ పట్టుకుని కూర్చుంటే ఆ లోయలో ఉండే మత్తు పోతుంది, ఆ మత్తు ఎక్కకపోతే కథ సగం పోయినట్టే.

కథ పొడుగు పెద్దగా లేదు. కాలం 1790 ప్రాంతం. ఇకబాడ్ క్రేన్ అనే పంతులు కనెక్టికట్ నుంచి స్లీపీ హాలో అనే లోయకి వచ్చి బడి నడుపుతుంటాడు. క్రేన్ అంటే కొంగ, మనిషి కూడా అచ్చం అలాగే ఉంటాడు, పొడుగు కాళ్లు, పొడుగు మెడ, దూరం నుంచి చూస్తే పొలంలో దిష్టిబొమ్మ పారిపోయి వస్తోందేమో అనిపించేలా. జీతం చాలదు, అందుకని వారానికి ఒకరి ఇంట్లో బస. మన దగ్గర ఒకప్పుడు పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకున్నట్టు ఇక్కడ పంతులే వారాలు చేసుకుంటాడు, ఆస్తంతా ఒక రుమాల్లో మూట కట్టుకుని. డచ్చి రైతు బాల్టస్ వాన్ టాసెల్‌కి ఒక్కతే కూతురు, కత్రీనా, పద్దెనిమిదేళ్లు. ఆ పిల్ల మీద పంతులు కన్ను పడుతుంది, అదే పిల్ల మీద ఊళ్లో మొనగాడు బ్రోమ్ బోన్స్ కన్ను అంతకుముందే ఉంది. వాన్ టాసెల్ ఇంట విందు, విందు తర్వాత దెయ్యం కబుర్లు, అర్ధరాత్రి ఒంటరిగా తిరుగు ప్రయాణం, వెనకే తల లేని రౌతు. తెల్లారేసరికి పంతులు లేడు. పంతులు టోపీ ఉంది, పక్కనే పగిలిన గుమ్మడికాయ ఉంది.

ముగింపు చెప్పేశానని కోప్పడకండి. ఈ కథలో ముగింపు రహస్యమేం కాదు.

ఇప్పుడు అసలు పని. మొదటిసారి చదివేటప్పుడు తిండి మీద దృష్టి పెట్టండి. నిజంగానే చెబుతున్నా. ఇకబాడ్ ఎప్పుడూ ఆకలితో ఉంటాడు. వాన్ టాసెల్ పొలానికి వెళ్లి అక్కడ తిరుగుతున్న పందిని చూస్తే అతనికి కనబడేది నోట్లో ఆపిల్ పెట్టి కాల్చిన పంది. పావురాలు కనబడితే అవి పిండిరొట్టె దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోతున్నట్టు ఊహించుకుంటాడు. కత్రీనాని చూస్తే ఆ పిల్ల కన్నా ముందు ఆ పొలాలు గుర్తొస్తాయి, ఇవన్నీ అమ్మేసి, బండి కట్టుకుని, పిల్లాపాపలతో కెంటకీకో టెనెస్సీకో పోయి అడవి భూములు కొనుక్కోవచ్చని లెక్కలు వేసేస్తాడు. ఇతను ప్రేమికుడా, రియల్ ఎస్టేట్ బ్రోకరా అని మీకే అనుమానం వస్తుంది. ఆ అనుమానం రావాలనే రాశాడు. విందుకి వెళ్లే రోజు సాయంత్రం అరువు తెచ్చుకున్న ముసలి గుర్రమెక్కి దారిలో అతను చూసినవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండో పని, కథ ఎవరు చెబుతున్నారో చూడడం. ఇది ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలా అనిపించొచ్చు గానీ ఇందులోనే తమాషా అంతా ఉంది. ఇర్వింగ్ ఈ కథ ఉన్న సంపుటిని తన పేరుతో వేయలేదు, జెఫ్రీ క్రేయాన్ అనే కల్పిత పెద్దమనిషి పేరుతో వేశాడు. ఆ క్రేయాన్ ఈ కథ తనది కాదంటాడు, చనిపోయిన డీడ్రిక్ నికర్‌బాకర్ కాగితాల్లో దొరికిందంటాడు, ఆ నికర్‌బాకర్ కూడా ఇర్వింగ్ 1809లో న్యూయార్క్ చరిత్ర పేరుతో ఒక వెటకారపు పుస్తకం రాసినప్పుడు పుట్టించిన మనిషే. పోనీ నికర్‌బాకర్ చూశాడా అంటే అదీ లేదు, ఒక సభలో ఎవరో బీద పెద్దాయన చెబితే విన్నాడట. అనుబంధంలో ఒక గంభీరమైన ముసలాయన లేచి ఈ కథలో నీతి ఏంటి, ఇది నమ్మొచ్చా అని అడిగితే, చెప్పినాయన, నేనే ఇందులో సగం కూడా నమ్మను అంటాడు. మన పల్లెల్లో కొరివి దెయ్యం కథ ఎప్పుడూ ‘మా మావయ్యకి తెలిసినాయన చూశాడు’ అనే మొదలవుతుంది కదా, చూసినవాడు ఎప్పుడూ ఒక మెట్టు అవతలే ఉంటాడు. ఇర్వింగ్ ఆ మెట్లని కావాలనే కట్టాడు.

దీనితో పాటు, అతను చెప్పకుండా దాటేసిన చోట్లు కూడా పట్టుకోండి. విందు అయ్యాక ఇకబాడ్ కత్రీనాతో ఒంటరిగా మాట్లాడతాడు, అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు అని కథకుడు చేతులెత్తేస్తాడు. కాసేపటికి పంతులు కోళ్లగూట్లో దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా బయటికి వస్తాడు. ఆ పిల్ల నిజంగా ఇష్టపడిందా, బ్రోమ్‌ని ఉడికించడానికి ఇతన్ని వాడుకుందా? జవాబు లేదు.

మూడోది, దెయ్యం వెనక చరిత్ర కొంచెం తెలిసుండాలి. ఆ రౌతు హెస్సియన్, అంటే జర్మనీలోని హెస్సే ప్రాంతం నుంచి వచ్చిన కిరాయి సైనికుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ దాదాపు 30 వేల మంది జర్మన్ సైనికుల్ని అద్దెకి తెచ్చుకుంది, వాళ్లలో సగానికి పైగా హెస్సే వైపు వాళ్లే కాబట్టి అందరికీ ఆ పేరే స్థిరపడింది. ఫిరంగి గుండు తగిలి తల ఎగిరిపోయిన ఒక హెస్సియన్, చర్చి పెరట్లో పూడ్చిపెట్టినా రాత్రిళ్లు తల వెతుక్కుంటూ యుద్ధం జరిగిన చోటికి గుర్రం మీద పోతాడని ఊరి నమ్మకం. దారిలో మేజర్ ఆండ్రే పేరుతో ఒక చెట్టు కూడా వస్తుంది, ఆండ్రే కల్పన కాదు, బ్రిటిష్ గూఢచారిగా 1780 సెప్టెంబరు 23న టారీటౌన్ దగ్గరే పట్టుబడి పది రోజులు తిరక్కుండానే ఉరికంబం ఎక్కినవాడు. కథాకాలానికి ఆ యుద్ధం ముగిసి పదేళ్లు కూడా కాలేదు. అంటే ఆ లోయలో కబుర్లు చెప్పుకునే ముసలివాళ్లకి అది పురాణం కాదు, వాళ్ల వయసులో జరిగిన సంగతి.

ఇక రొమాంటిక్ సాహిత్యం సంగతి. రొమాంటిక్ అంటే ప్రేమ వ్యవహారం అనుకోకండి, తెలుగులో దీన్ని కాల్పనికవాదం అంటాం, మన భావకవిత్వానికి నీళ్లు పోసింది కూడా ఇంగ్లండులోని ఈ ధోరణే. తర్కం కన్నా ఊహ గొప్పది, నగరం కన్నా లోయ గొప్పది, పండితుడి చరిత్ర కన్నా పల్లెటూరి ముసలమ్మ చెప్పే కథ గొప్పది అన్నారు వీళ్లు. జర్మనీలో గ్రిమ్ సోదరులు జానపద కథల్ని 1812 నుంచి అచ్చువేస్తున్నారు. ఇర్వింగ్ 1817లో స్కాట్లండ్ వెళ్లి అక్కడి రచయిత వాల్టర్ స్కాట్ ఇంట్లో అతిథిగా ఉన్నాడు, ఆ స్కాట్ అప్పటికే జర్మన్ దెయ్యపు రౌతు పాటని ఇంగ్లీషులోకి తెచ్చినవాడు. ఆ తర్వాత ఇర్వింగ్ జర్మన్ కథల వెంట పడ్డాడు. తల లేని రౌతు పుట్టిల్లు హడ్సన్ లోయ కాదు, యూరప్. వీసా లేకుండా అమెరికా వచ్చిన దెయ్యం అనుకోండి.

ఎందుకు తేవాల్సి వచ్చిందో ఆలోచిస్తే ఇంకా బాగుంటుంది. అప్పటి అమెరికాకి ఒక లోటు ఉండేది, దేశం కొత్తది, కూలిన కోటలు లేవు, రాజులు లేరు, రొమాంటిక్ రచయితకి కావలసిన పాతకాలపు సరంజామా ఏదీ లేదని అక్కడి రచయితలే బాధపడేవాళ్లు. ఇర్వింగ్ ఆ పాతదనాన్ని తయారుచేశాడు. మొన్నటి యుద్ధాన్ని పురాణం చేశాడు, 1664లోనే ఇంగ్లీషువాళ్ల చేతికి పోయిన డచ్చి వలసని ఒక మరుగున పడ్డ రాజ్యంలా చూపించాడు. అదీ ఎక్కడ కూర్చుని రాశాడు? ఇంగ్లండులో. కుటుంబ వ్యాపారం 1818లో దివాలా తీశాక కలం మీద బతకక తప్పని పరిస్థితిలో రాశాడు. 1815లో దేశం వదిలి మళ్లీ 1832లో గానీ తిరిగి వెళ్లలేదు. చిన్నప్పుడు, 1798లో, న్యూయార్క్‌లో పచ్చజ్వరం వస్తే ఇంట్లోవాళ్లు టారీటౌన్ పంపించారు, ఆ లోయ అలా తెలుసు. డాలస్‌లో కూర్చుని గోదావరి గట్టు మీద కథ రాసేవాళ్లకి ఈ పని కొత్త కాదు, దూరం పెరిగేకొద్దీ ఊరు బంగారంలా కనబడుతుంది.

అయితే పరీక్షకి రాసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ప్రకృతి వర్ణన ఉంది, అతీంద్రియ శక్తి ఉంది, జానపదం ఉంది, కాబట్టి ఇది రొమాంటిక్ కథ అని మూడు పాయింట్లు రాసి గీత కొట్టేస్తారు. మార్కులు వస్తాయేమో గానీ కథ పోతుంది. ఇర్వింగ్ కాల్పనికవాదాన్ని వాడుకుంటూనే దాన్ని ఆటపట్టిస్తున్నాడు. ఊహాశక్తి అంత ఉన్న మనిషి కథలో ఇకబాడ్ ఒక్కడే, కాటన్ మాథర్ అనే పాతకాలపు పాస్టర్ రాసిన మంత్రగత్తెల పుస్తకం పొద్దుపోయేదాకా చదువుకుని, చీకట్లో ఇంటికి పోతూ కప్ప అరిచినా గుడ్లగూబ కూసినా వణికిపోతాడు. అదే ఊహ తిండి మీదికి పోతే కాల్చిన పంది కనబడుతుంది, చీకటి మీదికి పోతే దెయ్యం కనబడుతుంది. ఆ ఊహే అతన్ని ఊరు దాటిస్తుంది. ఊహ మనిషిని పైకి ఎత్తుతుందని కవులు పాడుతున్న రోజుల్లో, ఆ ఊహ ఒక పంతుల్ని గుర్రం మీంచి కింద పడేసిందని రాయడానికి ధైర్యం కావాలి.

పోల్చాలనుకుంటే రెండు పోలికలు చాలు. ఇంగ్లీషు కవి కీట్స్ శరదృతువు మీద ‘టు ఆటమ్’ అనే కవిత 1819 సెప్టెంబరులో రాశాడు, ఇర్వింగ్ శరదృతువు కూడా అదే కాలంలో రాసింది, రెండింటిలోనూ పండ్లు బరువెక్కి వేలాడుతుంటాయి, కానీ కీట్స్ వాటిని చూస్తూ నిలబడిపోతాడు, ఇకబాడ్ నోట్లో నీళ్లూరుతాయి. రెండోది ఆన్ రాడ్‌క్లిఫ్ గోథిక్ నవలలు, అంటే పాత కోటలు, దెయ్యాల భయం నిండిన నవలలు. అక్కడ దెయ్యం అనుకున్నది చివరికి ఏదో మామూలు సంగతే అని రచయిత్రి విప్పి చెబుతుంది. ఇర్వింగ్ విప్పడు. కత్రీనాని పెళ్లాడిన బ్రోమ్ బోన్స్, గుమ్మడికాయ మాట వచ్చినప్పుడల్లా పగలబడి నవ్వుతాడని మాత్రం చెప్పి ఊరుకుంటాడు. పంతులు దూరప్రాంతానికి పోయి లాయరై, రాజకీయాల్లో తిరిగి, చిన్న కోర్టులో జడ్జి అయ్యాడని న్యూయార్క్ వెళ్లొచ్చిన ఒక రైతు వార్త తెస్తాడు, ముసలమ్మలు మాత్రం దెయ్యమే ఎత్తుకుపోయిందంటారు. తర్వాత తరంలో అమెరికా రచయితలు హాథార్న్, పో ఇలాంటి అనుమానాన్నే తీసుకున్నారు, నవ్వుని చాలావరకు వదిలేశారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు మధ్యలో ఉంది, తొందరలో దాటేస్తారని చెబుతున్నా. అమెరికాలో మిగతా ఊళ్లలో దెయ్యాలు ఎందుకు నిలవవో చెబుతాడు. దెయ్యం గోరీలో మొదటి కునుకు తీసి లేచేసరికి తెలిసినవాళ్లంతా ఊరు వదిలి వెళ్లిపోయి ఉంటారట, రాత్రి తిరగడానికి బయల్దేరితే పలకరించడానికి ఒక్కడూ ఉండడట. జనం కదలకుండా ఉన్న డచ్చి లోయల్లోనే దెయ్యాలు బతుకుతాయి. మా ఊళ్లో చింతచెట్టు దెయ్యం గురించి చెప్పేవాళ్లంతా ఇప్పుడు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అపార్ట్‌మెంట్లలో ఉన్నారు, చెట్టు ఇంకా ఉంది.

ఒక మాట దాచకూడదు. కథలో నల్లజాతివాళ్లు కనబడే చోట్ల, ముఖ్యంగా విందులో ఫిడేలు వాయించే ముసలాయన, కిటికీల్లోంచి చూసే పనివాళ్ల దగ్గర, ఇర్వింగ్ వాడిన భాష, నవ్వు రెండూ ఈరోజు చదివితే చేదుగా ఉంటాయి. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా పోయింది 1827లో, అంటే వాన్ టాసెల్ ఇంటి ఆ సమృద్ధి ఎవరి చేతుల మీద నడిచిందో ఆలోచించక తప్పదు. కథకుడు ఆ వైపు చూడడు, మీరు చూడండి.

న్యూజెర్సీ, న్యూయార్క్ వైపు ఉన్న మనవాళ్లకి ఆ చోటు ఒక పూట ప్రయాణం. గ్రాండ్ సెంట్రల్ నుంచి టారీటౌన్‌కి రైల్లో గంట లోపే, వెళ్లేటప్పుడు ఎడమ వైపు కూర్చుంటే హడ్సన్ కనబడుతుంది. పాత డచ్చి చర్చి ఉంది, పక్కనే శ్మశానంలో 1859లో పోయిన ఇర్వింగ్ సమాధి ఉంది. పక్క ఊరి పేరు ఒకప్పుడు నార్త్ టారీటౌన్, 1996లో ఓట్లు వేసి మరీ స్లీపీ హాలో అని మార్చుకున్నారు. కథలోని చెక్క వంతెన మాత్రం ఇప్పుడు లేదు. అక్టోబరులో జనం కిటకిటలాడతారు, ప్రశాంతంగా చూడాలంటే వేరే నెల చూసుకోండి.

చివరగా, పిల్లలకి చెప్పాలనుకునేవాళ్లకి. పంతులు, బ్రోమ్, విందు, అంతా మీ మాటల్లో చెప్పండి, బ్రోమ్ విందులో చెప్పే కబురు మాత్రం వదలకండి, తను ఆ రౌతుతో పందెం వేసుకుని గుర్రం పరిగెత్తిస్తే చర్చి వంతెన దగ్గర నిప్పురవ్వలా మాయమైపోయాడంటాడు. అది వదిలేస్తే ఇకబాడ్ వంతెన దాటితే చాలు బతికిపోతానని ఎందుకు అనుకున్నాడో తెలియదు, దాటాక వెనక్కి ఎందుకు తిరిగి చూశాడో అంతకన్నా తెలియదు. తిరిగి చూసినప్పుడే కదా రౌతు విసిరిన తలకాయ వచ్చి తగిలింది.

మా అక్క కొడుక్కి పోయిన ఏడాది ఇలాగే చెప్పాను. అంతా విని, “మామయ్యా, మరి అర్ధరాత్రి బ్రోమ్‌కి గుమ్మడికాయ ఎక్కడ దొరికింది?” అన్నాడు. నాకు తట్టలేదు. మళ్లీ పుస్తకం తీసి వెనక్కి తిప్పుకుంటూ పోతే, విందుకి పోయే దారి దగ్గర దొరికింది. సాయంత్రపు ఎండలో మొక్కజొన్న చేలు, వాటి కింద పసుపుపచ్చగా, గుండ్రటి పొట్టలు ఎండకి తిప్పి పడుకున్న గుమ్మడికాయలు. ఇకబాడ్ గుర్రం మీంచి వాటిని చూసి, ఎన్ని తీపి రొట్టెలు చేసుకోవచ్చో లెక్క వేసుకుంటూ వెళ్లాడు.